సుబ్బిగాడి బెంగ: ఒక నీటి తాబేలు కేసు

"మనవడి మీద బెంగ పెట్టుకుంది బాబూ. 19 రోజులుగా ఏమీ ముట్టడం లేదు."

కోనసీమలోని ఒక పల్లెటూరి నుంచి వచ్చిన పెద్దావిడ, తడి తువ్వాలు పరిచిన ప్లాస్టిక్ బుట్టలోంచి తాబేలును తీసి నా బల్ల మీద పెడుతూ అన్న మాట ఇది. అంతర్వేది తీర్థం జరుగుతున్న వారం. ఆవిడ మనవడు పై చదువుకు విదేశం వెళ్లి అప్పటికి ఆరు వారాలు దాటింది. ఎనిమిదేళ్ల క్రితం, స్కూల్లో చదివే రోజుల్లో, ఆ అబ్బాయి హైదరాబాదులో ఒక అక్వేరియం దుకాణంలో కొన్నాడు దీన్ని. అప్పుడు రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దదట. సుబ్బిగాడు అని పేరు పెట్టారు. ఇప్పుడు పెంకు పొడవు 20 సెంటీమీటర్లు, బరువు 1,380 గ్రాములు.

కళ్ల వెనుక ఎర్రటి చార. రెడ్ ఇయర్డ్ స్లైడర్. అమెరికాలో మిసిసిపీ నది పరివాహక ప్రాంతం దీని పుట్టిల్లు. మన చెరువుల్లో, పంట కాలువల్లో కనిపించే తాబేళ్లను, మచ్చల నేల తాబేళ్లను ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అందుకే దుకాణాల్లో ఎక్కువగా ఈ విదేశీ తాబేలే దొరుకుతుంది. కొనేటప్పుడు ఇది పళ్లెమంత అవుతుందని, పాతికేళ్లకు పైగా బతుకుతుందని చాలామందికి తెలియదు.

ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఉంది. సరీసృపాలకు మనసు ఉంటుందా అన్న ప్రశ్న నా దగ్గరికి నెలకు ఒకసారైనా వస్తుంది. దాన్ని పనిలేని ప్రశ్నగా చూసే తోటి పశువైద్యులు ఉన్నారు. నేను అలా చూడను. ఈ తాబేలు విషయంలో ఆ ప్రశ్నకు ఎలా జవాబు చెప్పుకున్నామన్న దాని మీదే దాని ప్రాణం ఆధారపడింది.

మొదటి రోజు, నా పొరపాటు

పెద్దావిడ చెప్పిన లక్షణాలు ఇవి. తిండి మానేసింది. పగలంతా గాజు తొట్టి అద్దానికి ముక్కు ఆనించి ఈదుతూనే ఉంటుంది. రాత్రుళ్లు గీకుతున్న చప్పుడు. ఒకసారి తొట్టి అంచు దాటి కింద పడి, హాలంతా నడిచి, మనవడి గది గడప దగ్గర ఆగింది.

ఆ చివరి మాట చెబుతున్నప్పుడు ఆవిడ గొంతు పూడుకుపోయింది. "వాడి గది గడప దగ్గరే ఎందుకు ఆగుతుంది బాబూ? అంత ఇల్లు ఉండగా?"

కళ్లు చూశాను. ఉబ్బు లేదు. స్లైడర్లలో విటమిన్ ఏ లోపిస్తే కనురెప్పలు ఉబ్బి మూసుకుపోతాయి. ఇంట్లోవాళ్లు దాన్ని ఏడుపు అనుకుని తీసుకొస్తుంటారు. ముక్కులో చీమిడి లేదు, నీటిలో పక్కకు ఒరగడం లేదు, కాబట్టి ఊపిరితిత్తుల జబ్బు కాదు. పెంకు గట్టిగా ఉంది. చలికాలం చివర తొట్టి నీళ్లు తెల్లవారుజామున 22 డిగ్రీల దాకా దిగుతున్నాయని అర్థమైంది. ఇది చల్లని రక్తం జీవి, నీళ్లు చల్లబడితే అరుగుదల మందగించి తిండి మానేస్తుంది. అక్వేరియం హీటరు పెట్టి నీటిని 27 డిగ్రీలకు తెమ్మని, వారం చూద్దామని పంపించేశాను.

చలి వల్ల తిండి మానేసిన తాబేలు మందకొడిగా ఒక మూల పడి ఉంటుంది. ఇది పగలంతా ఈదుతోంది, రాత్రంతా గీకుతోంది. ఆ తేడా నా కళ్ల ముందే ఉంది. అయినా వెనుక కాళ్ల ముందున్న మెత్తటి సందులో వేలు పెట్టి చూడలేదు. ఎందుకు చూడలేదంటే, సుబ్బిగాడు అన్న పేరు విని నేనూ మగది అనుకున్నాను. మగ స్లైడర్లకు ముందు కాళ్ల గోళ్లు కొట్టొచ్చినట్టు పొడుగ్గా ఉంటాయి, తోక లావుగా, పొడవుగా ఉంటుంది. దీని గోళ్లు పొట్టివి. తోక చిన్నది. చూసి ఉంటే అర నిమిషంలో తేలేది.

ఐదో రోజు ఫోను వచ్చింది. "మళ్లీ బయటపడింది బాబూ. మళ్లీ అదే గడప."

ఇంటి దగ్గర

మర్నాడు ఉదయం కాలువ గట్టు మీదుగా వాళ్ల ఊరు వెళ్లాను. కేసు అంతుపట్టనప్పుడు జంతువును ఆసుపత్రికి రప్పించడం కంటే అది ఉండే చోటికి మనం వెళ్లడం మేలు. పెంకు లోపలికి ముడుచుకున్న తాబేలు ఆసుపత్రి బల్ల మీద ఏమీ చెప్పదు.

హాల్లో కిటికీ పక్కన రెండున్నర అడుగుల గాజు తొట్టి. మనవడు ఉన్నప్పుడు అది వరండాలో ఉండేదట. అతను వెళ్లాక పిల్లుల భయంతో లోపలికి మార్చారు. కిటికీ అద్దంలోంచి వెలుతురు పడుతోంది. ఎండలో ఈ జీవికి కావలసిన అతినీలలోహిత కిరణాలను అద్దం ఆపేస్తుంది. తొట్టికి ఎదురుగా చిన్న స్టూలు మీద ఫోను నిలబెట్టే స్టాండు ఉంది. ప్రతి రాత్రి ఎనిమిది గంటలకు మనవడు వీడియో కాల్ చేస్తాడు. ఆవిడ ఫోనును అద్దానికి ఆనించి పెడతారు. అతను "సుబ్బిగా, తినరా" అని పిలుస్తాడు. పది నిమిషాలు పిలిచి, ఫలితం లేక, ఇద్దరూ కళ్లు తుడుచుకుంటారు.

బెంగ తీర్చడానికని రోజుకు పదిసార్లయినా దాన్ని నీళ్లలోంచి తీసి ఒళ్లో పెట్టుకుంటున్నారు.

మనవడి గది దగ్గరికి వెళ్లి గడప మీద కూర్చున్నాను. ఆ గదికీ వంటింటికీ మధ్య సన్నటి నడవా, దాని చివర పెరటి తలుపు. తలుపు కింద రెండు వేళ్ల సందు. పొద్దున్నే అరటి చెట్లకు నీళ్లు పెట్టారు. ఆ సందులోంచి తడి మట్టి వాసనతో చల్లటి గాలి నేరుగా గడప మీదికి వస్తోంది.

అప్పుడు తాబేలును చేతిలోకి తీసుకుని గోళ్లు చూశాను. తోక చూశాను. నిలువుగా పట్టుకుని, మెల్లగా అటూ ఇటూ వంచుతూ, వెనుక కాలి ముందు సందులో చూపుడు వేలు ఆనించాను. నునుపైన, కోలగా ఉన్నది ఒకటి వేలికి తగిలి జారింది. మళ్లీ వంచాను. ఇంకొకటి.

"మామ్మగారూ, ఇది సుబ్బిగాడు కాదు. కడుపుతో ఉంది."

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న, "మగతోడు లేకుండానా?"

కోడిపెట్ట పుంజు లేకుండా గుడ్డు పెట్టినట్టే, ఆడ తాబేలు కూడా మగది లేకుండా గుడ్లు పెడుతుంది. వాటిలోంచి పిల్లలు రావు, అంతే. కానీ పెట్టడం మాత్రం తప్పదు. అందుకు తవ్వడానికి నేల కావాలి. నీళ్లలో పెట్టడం దాని స్వభావం కాదు. నేల దొరక్కపోతే వెతుకుతుంది, గీకుతుంది, గోడలు ఎక్కుతుంది, తిండి మానేస్తుంది. చివరికి గుడ్లు లోపలే ఉండిపోయి, పగిలి, పొట్టలో చీము పట్టి చనిపోవచ్చు కూడా. అది వెతికింది పెరటి మట్టిని. గడప దాని దారిలో ఉంది.

గుండె చప్పుడు

ఆ రోజు నా సంచిలో చిన్న డాప్లర్ యంత్రం ఉంది, గర్భిణుల కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినడానికి వాడే లాంటిది. తాబేలు మెడకూ ముందు కాలికీ మధ్య ఉన్న సందులో దాన్ని ఆనిస్తే గుండె వినిపిస్తుంది. మొదట నా చేతిలో ఉండగా కొలిచాను. నిమిషానికి 56. తర్వాత బుట్టలో పెట్టి, తువ్వాలు కప్పి, ఎవరూ ముట్టుకోకుండా 20 నిమిషాలు వదిలేసి, అదే గది వేడిమిలో మళ్లీ కొలిచాను. 34. తర్వాత ఆవిడ ఒళ్లో పెట్టమన్నాను. నా చేతిలో తల పూర్తిగా లోపలికి లాక్కున్న తాబేలు, ఆవిడ ఒళ్లో రెండు నిమిషాలకు మెడ బయటికి చాచింది. 41.

ఇది ఒక్క తాబేలు మీద ఒక్క పూట తీసిన లెక్క. కానీ దీని వెనుక పరిశోధన ఉంది. మిషెల్ కబనాక్ అనే శాస్త్రవేత్త, మరొకరితో కలిసి, 2000లో ఉత్తర అమెరికా అడవి తాబేళ్ల మీద ఇలాంటిదే చూపించారు. చేత్తో పట్టుకుంటే వాటి గుండె వేగం పెరుగుతుంది. వదిలాక అవి వెచ్చటి చోటును వెతుక్కుని ఒంటి వేడి పెంచుకుంటాయి. మనకు ఆందోళనతో ఒళ్లు వేడెక్కినట్టే. ఇగ్వానా అనే పెద్ద బల్లుల్లోనూ నెమ్మదిగా పట్టుకున్నా గుండె వేగం పెరిగింది. కప్పల్లో మాత్రం ఆ మార్పు కనిపించలేదు. భయం అనేదాన్ని గుండెతో కొలవగలిగిన చోట, అది సరీసృపాల్లో ఉంది.

తాబేలు తల లోపలికి లాక్కోవడాన్ని మన పెద్దలు స్థితప్రజ్ఞతకు పోలికగా చెప్పారు. ఇంద్రియాలను వెనక్కి తీసుకున్న మనిషికి అంత చక్కటి పోలిక మరొకటి లేదు. అయితే ఆ పోలిక మనిషి గురించి. నా చేతిలో తల లాక్కున్న తాబేలు గుండె 56 కొట్టుకుంటోంది. అది ప్రశాంతత కాదు. ఈ తేడా తెలియక, కదలకుండా ఉంది కాబట్టి హాయిగా ఉందనుకుని పిల్లల చేతుల్లో గంటల తరబడి పెట్టే ఇళ్లు చాలా చూశాను.

మన భాష సరీసృపాలకు భావాలు ఇవ్వకపోలేదు. పాముకు పగ ఇచ్చింది, మొసలికి దొంగ కన్నీరు ఇచ్చింది. పాము పన్నెండేళ్లు పగబట్టి వెంటాడదు. మొసలి జాతి జీవులు తినేటప్పుడు నిజంగానే కన్నీరు కారుస్తాయి. 2007లో అమెరికాలో ఎలిగేటర్లు, కేమన్ల మీద దాన్ని గమనించి నమోదు చేశారు. ఆ నీళ్లలో దుఃఖమూ లేదు, మోసమూ లేదు. ఉన్న భావాలను గుర్తించకుండా, లేని భావాలను అంటగట్టడం రెండు విధాలా అన్యాయం.

ఎక్స్‌రే, ఇసుక

పట్టణంలో ఎక్స్‌రే తీయించాం. ఏడు గుడ్లు, పెంకులు చక్కగా ఏర్పడ్డాయి, దారికి అడ్డుపడేంత పెద్దవి లేవు. ఇలాంటప్పుడు కాల్షియం, ఆ తర్వాత గుడ్లు దిగడానికి ఇంజెక్షను ఇవ్వవచ్చు. కానీ తాబేలు ఇంకా చురుగ్గా ఉంది, వెతుకుతూనే ఉంది. అంటే దాని శరీరం సిద్ధంగా ఉంది, చోటు కుదరక ఆపుకుంటోంది. నాలుగు రోజులు గడువు పెట్టుకుని ముందు నేల ఇద్దామని నిర్ణయించాను. అది వెతుకుతున్నది దొరికే అవకాశం ఉండగా మందుతో బలవంతం చేయడం నాకు సమ్మతం కాలేదు.

పెరట్లో పాత సిమెంటు గాబు ఒకటి వాడకుండా ఉంది. అందులో అడుగు లోతున గోదావరి ఇసుక, పెరటి మట్టి సగం సగం కలిపి పోయించాను. పిడికిట పట్టి వదిలితే ముద్ద విడిపోకూడదు, నీరు కారకూడదు. అంత తడి. పిల్లులు, ముంగిసలు రాకుండా పైన ఇనుప వల. మూడు వైపులా పాత చీర అడ్డం కట్టాం. రోజూ సాయంత్రం మూడు గంటలు అందులో వదిలి, తర్వాత తొట్టిలోకి మార్చాలి. ఈ నాలుగు రోజులు ఒళ్లోకి తీసుకోవడం, వీడియో కాల్ రెండూ వద్దన్నాను. ఆ రెండో మాట చెప్పడం ఎంత కష్టమైందో నాకు తెలుసు.

మొదటి రోజు గాబు చుట్టూ నడిచింది. రెండో రోజు రెండు చోట్ల ముక్కుతో మట్టి వాసన చూసి, కాస్త గీకి వదిలేసింది. మూడో రోజు సాయంత్రం ఆవిడ గుసగుసగా ఫోను చేశారు. "తవ్వుతోంది బాబూ."

నేను చేరేసరికి గొయ్యి సగమైంది. చీర చాటు నుంచి చూశాం. ముందు కాళ్లు రెండూ నేలలో పాతుకున్నట్టు కదలకుండా ఉన్నాయి. వెనుక కాళ్లు మాత్రమే పని చేస్తున్నాయి. కుడి కాలు గొయ్యిలోకి దిగుతుంది, పాదం దోసిలిలా ముడుచుకుంటుంది, మట్టి తెచ్చి పక్కన పోస్తుంది. తర్వాత ఎడమ కాలు. మళ్లీ కుడి. అది ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. చూడకుండానే గొయ్యి కూజా ఆకారంలో, పైన సన్నగా లోపల గుండ్రంగా వస్తోంది. మట్టి గట్టిపడిన చోట తన ఒంట్లో దాచుకున్న నీళ్లు వదిలి మెత్తబరుచుకుంది. మధ్యలో ఆవిడ గాజులు గలగలమన్నాయి. కాలు గాల్లోనే ఆగిపోయింది. ఆవిడ రెండో చేత్తో గాజులు పట్టుకుని, ఊపిరి బిగబట్టారు. నిమిషం తర్వాత కాలు మళ్లీ కిందికి దిగింది.

గంటన్నర పట్టింది. తెల్లగా, కోలగా, తోలులాంటి పెంకుతో ఏడు గుడ్లు. ఒక్కో గుడ్డు జారుతుంటే వెనుక కాలు కిందికి వెళ్లి మెల్లగా సర్దింది. తర్వాత మట్టి కప్పి, పొట్టభాగంతో ఒత్తి చదును చేసి, నేరుగా గాబు అంచుకు నడిచి, నీళ్ల వైపు మెడ చాచింది.

"గుడ్ల దగ్గర ఉండదా?" అని అడిగారు ఆవిడ. "పక్షి రెక్కల కింద పెట్టుకుని పొదుగుతుంది, చేప చూపుతో పొదుగుతుంది, తాబేలు ఎక్కడున్నా తలచుకుంటూ పొదుగుతుంది అంటారు కదా బాబూ."

ప్రవచనాల్లో గురువు అనుగ్రహానికి చెప్పే పోలిక అది. తాబేలు గుడ్లు కప్పి వెళ్లిపోతుందని, మట్టి వేడిమే మిగతా పని చూసుకుంటుందని చెప్పాను. ఆ నెలల్లోనే, అక్కడికి కొద్ది దూరంలో సముద్రపు ఒడ్డున, ఆలివ్ రిడ్లే తాబేళ్లూ ఇలాగే రాత్రిపూట వచ్చి, గొయ్యి తవ్వి, గుడ్లు పెట్టి, వెనక్కి చూడకుండా అలల్లోకి వెళ్లిపోతాయి.

మనవడి ప్రశ్న

ఆ రాత్రి ఆ అబ్బాయి నాతో మాట్లాడాడు. "సర్, అయితే దానికి నా మీద ఏమీ లేదా? ఎనిమిదేళ్లు నేనే తిండి పెట్టాను. నన్ను చూస్తే ఎదురొచ్చేది."

పెంపుడు సరీసృపాల యజమానులందరూ చివరికి చేరే ప్రశ్న ఇదే. కుక్క తోక ఊపి జవాబు చెబుతుంది. తాబేలు ముఖంలో భావం చూపించే కండరాలు లేవు. జవాబు రాని చోట మనిషి తన మనసులో ఉన్నదే అక్కడ చదువుకుంటాడు. ఆ ఇంట్లో బెంగ పెట్టుకున్నవాళ్లు ఇద్దరు ఉన్నారు, ఆవిడ, ఆ అబ్బాయి. ఒకరికొకరు చెప్పుకోలేని బెంగను తాబేలు పేరు మీద ప్రతి రాత్రి చెప్పుకున్నారు. అందులో నాకు తప్పేమీ కనిపించలేదు. కాకపోతే ఆ పది నిమిషాలూ తాబేలు అద్దానికి అవతల తన గొడవలో తాను ఉంది.

అతనికి తెలిసినంతవరకు చెప్పాను. తిండి పెట్టే మనిషిని స్లైడర్లు గుర్తుపడతాయి, అది నేర్చుకున్న విషయం. అతని చేతిని చూసి అది బెదరలేదంటే, ఎనిమిదేళ్లలో ఆ చేయి దానికి భయం కలిగించలేదన్నమాట. ఇంత చిన్న జీవి ఇంత పెద్ద జీవి దగ్గర బెదరకుండా ఉండడం చిన్న విషయం కాదు. వాషింగ్టన్ జూలో ఒక నైలు నది తాబేలు, తనను తాను గాయపరుచుకునే స్థితి నుంచి, బంతులు, కర్రలు, రింగులు ఇచ్చాక వాటితో ఆడుకునే స్థితికి వచ్చిందని గోర్డన్ బర్గార్ట్ బృందం 1996లో ప్రచురించింది. ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2025లో ఎర్రకాళ్ల తాబేళ్ల మీద మరింత సూక్ష్మమైన ప్రయోగం ప్రచురించారు. ఒక చోట గిన్నెలో తిండి ఉంటుందని, మరో చోట ఉండదని నేర్పి, ఆ రెండింటికీ మధ్య గిన్నె పెట్టారు. ఆశగా ముందుకు వెళ్లిన తాబేళ్లు కొత్త పరిసరాల్లో కూడా తక్కువగా బెదిరాయి. క్షణికమైన భయమే కాదు, ఎక్కువ కాలం నిలిచే మనఃస్థితి కూడా వాటికి ఉంటుందనడానికి అది ఆధారం.

"అంటే నేను పెట్టిన తొట్టి దానికి బాగాలేదా సర్?" అని అడిగాడు. సరిగ్గా అడగవలసిన ప్రశ్న అడిగాడు. బాగాలేదని చెప్పాను.

తర్వాత

గుడ్లు పెట్టిన మూడో రోజు తోటకూర ఆకు తింది, ఐదో రోజుకు రొయ్యలు. రెండో ఎక్స్‌రేలో గుడ్లేమీ మిగల్లేదు. గాజు తొట్టి తీసేశారు. పెరట్లో ఎండ, నీడ రెండూ పడే చోట ఆరడుగుల సిమెంటు కుండీ కట్టించారు. మధ్యలో ఎక్కి కూర్చోవడానికి ఇటుకల మెట్టు, ఒక పక్క ఇసుక గడ్డ, పైన వల. కాల్షియం కోసం ఆయుర్వేద దుకాణాల్లో సముద్రపు నురుగు అని అమ్మే కటిల్ ఫిష్ ఎముక ముక్క ఒకటి నీళ్లలో తేలుతూ ఉంటుంది. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలని గట్టిగా చెప్పాను. ఈ తాబేళ్ల మీద జబ్బు చేయించే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండవచ్చు. నాలుగు అంగుళాల లోపు తాబేలు పిల్లల అమ్మకాన్ని అమెరికా 1975లో నిషేధించింది అందుకే.

మధ్యలో బంధువులు ఒకరు, ఇంత శ్రమ ఎందుకు, కాలువలో వదిలేస్తే స్వేచ్ఛగా బతుకుతుంది కదా అన్నారట. వద్దన్నాను. ప్రపంచంలో అత్యంత హాని చేసే 100 ఆక్రమణ జాతుల జాబితాలో ఈ స్లైడర్ ఉంది. మన తాబేళ్ల తిండినీ, ఎండ కాచుకునే చోటునూ లాక్కుంటుంది. ఎనిమిదేళ్లు ఇంట్లో పెరిగిన దానికీ అది స్వేచ్ఛ కాదు.

పేరు మాత్రం మార్చలేదు. ఇంకా సుబ్బిగాడే.

నెల తిరక్కముందే ఆవిడ దగ్గర నుంచి ఫోను వచ్చింది. ఒక ఏడాదిలో రెండు మూడు సార్లు గుడ్లు పెట్టవచ్చని ముందే చెప్పాను కాబట్టి ఏమైందోనని కంగారుగా ఎత్తాను.

"కంగారేమీ లేదు బాబూ. రాత్రి కుండీలో గీకుతున్న చప్పుడు వినిపించింది. ఇసుక ఎండిపోయి ఉంది. చెంబుతో నీళ్లు చల్లి, లైటు ఆర్పేసి, గాజులు తీసి బల్ల మీద పెట్టి లోపలే కూర్చున్నాను. పొద్దున చూస్తే ఇసుక చదునుగా ఉంది. తవ్వి చూస్తే ఐదు."